ఎనిమిది సెకన్ల నలుపు

“ఇదేంటి, చివర్లో అంతా నల్లగా ఉంది?” అని మా ఆయన కంప్యూటర్ ముందు నుంచి అడిగినప్పుడు నా చేతులు సింకులో ఉన్నాయి. “అక్కడింకా ఏం అనుకోలేదండీ,” అన్నాను బాణలి తోముతూ. అబద్ధం. మూడు నెలలు నేను అనుకున్నదంతా ఆ నలుపే.

నేను పనిచేసేది వీడియోలు ఎడిట్ చేసే ఆఫీసులో. ఇతరుల సినిమాలకు, పెళ్ళి వీడియోలకు తెర మీద పేర్లు వేస్తాను. ఎవరి పేరు ముందు, ఎవరి అక్షరాలు లావు అని వాళ్ళు పోట్లాడుకుంటే సర్దిచెబుతాను. నలభై ఆరేళ్ళొచ్చినా అక్కడ నేను ‘పేర్లమ్మాయి’నే. అలాంటి నాకు ఒక్క పేరూ లేని టైటిల్స్ చెయ్యాలనిపించింది. అంట్ల నీళ్ళ మీద తేలే నూనె చుక్కలను ఫోనుతో తీసి, తెల్లటి గీతలుగా మార్చాను. ఆ గీతలు దగ్గరకొస్తాయి, ఇదిగో అక్షరం అవుతున్నాయి అనిపిస్తుంది, అంతలో విడిపోతాయి. నలభై సెకన్లు. ఆపైన ఎనిమిది సెకన్లు ఉత్త నలుపు. ఎవరో పిలుస్తారని చూసి చూసి, ఇక పిలవరని తెలిశాక మనసుకు చిక్కే నెమ్మది అది.

“ఏ సినిమాకమ్మా ఇది?” అంది అత్తయ్య. ఏ సినిమాకీ కాదన్నాను. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! ముందా కుక్కర్ సంగతి చూడు.” నేనూ నవ్వేశాను. నవ్వితే మాట అక్కడితో తెగిపోతుంది.

నిన్న మధ్యాహ్నం ఆయన కంపెనీ వార్షికోత్సవం. హాల్లో లైట్లు ఆర్పగానే తెర మీద నా నూనె చుక్కలు! నాకు చెప్పకుండా తెచ్చి సంతోషపెడుతున్నారనుకున్నాను, పిచ్చిదాన్ని. గీతలు విడిపోయాయి. నలుపు వచ్చింది. ఒకటి, రెండు... మూడో సెకనులో బంగారు రంగు అక్షరాలతో వాళ్ళ ఎండీగారి పేరు, కింద ఫొటో. చప్పట్లు. అలవాటైన చేతులు, నావీ కలిశాయి.

“ఎలా ఉంది? ఖాళీగా ఉంది కదా అని నేనే పెట్టించా,” అన్నారు ఆయన నా చెవిలో.

బయటికొచ్చాక ఎండీగారి భార్య నా చెయ్యి పట్టుకుంది. “మీరే చేశారటగా! ఎంత బావుందో.”

“నేనే చేశానండీ. మీవారి పేరు మాత్రం నేను వెయ్యలేదు.”

ఆవిడ చెయ్యి వదిలేసింది. “జోకులెక్కువండీ మా ఆవిడకి,” అన్నారు ఆయన గబగబా.

కారెక్కగానే విరుచుకుపడ్డారు. “నలుగురిలో పరువు తీశావు!”

“అది ఖాళీ కాదండీ. కావాలనే అలా ఉంచాను.”

“అడిగానుగా ఆ రోజు! అప్పుడే చెప్పొచ్చుగా?”

నిజంగానే అడిగారు. ఇరవై రెండేళ్ళలో నా పని గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో, దాన్ని నేనే గిన్నెల నీళ్ళతో పాటు పారబోశాను. ఒంట్లో బాగాలేదా అంటే ఏం లేదండీ, ఆ ముఖమేంటి అంటే ఏం లేదండీ. నోట్లో నాలుక లేని కోడలని అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

“ఇప్పుడు చెప్పి ఏం లాభంలే,” అన్నారు గేరు మారుస్తూ.

“చాలా చెప్పాలి,” అన్నాను. “కారు పక్కకి ఆపండి.”