తొలిగిన్నె పానకము

చండకిరణుండగు మార్తాండుడు నడినెత్తి కెక్కి నిప్పులు చెరుగుచుండ గోదావరీ పాయలు సన్నగిల్లి యిసుకతిన్నెలు బయల్పడగా కొబ్బరిచెట్ల నీడలు తమ మొదళ్లకడనే ముడుచుకొని పడియుండ కాకులు సయితము నోళ్లు తెఱచి చూరుల క్రింద వగర్చుచుండ వైశాఖ పూర్ణిమనాటి మధ్యాహ్నమున రేవులపాడు సంస్థానమందలి రాజవీధి నిర్మానుష్యమై యుండెను. ఆ యెండ యెండయా! పెనముమీద కాళ్లు పెట్టినట్లే. అట్టి వేళ మనుష్యమాత్రుడు గడప దాటడు. దాటెనేని దానికి గట్టి కారణ ముండవలెను. ఆనాడు కుందనమున కట్టి కారణము కలదు.

కుందన మనగా నా సంస్థానమున తరతరములుగా నాట్యవిద్య నాశ్రయించి బ్రతికిన కలావంతుల యింటి పెద్ద. ఏబదియైదేండ్లు నిండినవి. గజ్జె విడిచి పదేండ్లయినను నడకలోని తాళము మాత్రము విడువలేదు. ఆ వంశమువారి కొక మర్యాద గలదు. ప్రతి వైశాఖ పూర్ణిమకును రాజమందిరమున జరుగు విద్వత్సభ వారి యింటినుండి వచ్చెడి నిమ్మపుదీనా పానకపు తొలిగిన్నెను రాజుగారు పుచ్చుకొనినగాని యారంభము గాదు. పూర్వము శత్రుభయము పెచ్చు పెరిగి యన్నపానములయందెల్ల విషశంక కలిగిన దినములలో కుందనము ముత్తవ్వ నాటి రాజుగారి యెదుట తాను ముందొక గిన్నెడు త్రాగి పిమ్మట వారి కందిచ్చెనట. చేసినచేయి ముందు త్రాగవలెనను నియమ మానాటినుండి నిలిచిపోయెను. గజ్జె పోయినది, మేళము పోయినది, మాన్యములు పోయినవి. ఆ యింటికి మిగిలిన గౌరవ మా యొక్క గిన్నెయే.

అట్టి గిన్నెకే యీ యేడు గండము వచ్చిపడెను. క్రొత్తగా గద్దె నెక్కిన రాజా ముకుందరాయణింగారు చెన్నపట్టణమున చదివి వచ్చిన నవయువకులు. నాట్యమేళముల నిరసించు సంస్కరణాభిలాషులగు మిత్రబృందముతో గూడి కలావంతుల యిండ్ల మంచినీళ్లయినను ముట్టమని దీపము సాక్షిగా ప్రమాణము చేసియుండిరి. ప్రమాణము మంచిదా చెడ్డదా యనునది వేఱుమాట. ఆ యింటివారి నొక్కమాటయైన నడుగకుండ చేసిన ప్రమాణ మది. అంతట దివాను సోమయాజులుగా రీ సంవత్సరము పానకము చెన్నపట్టణపు వంటవానిచే కోటలోనే చేయింపబడుననియు కుందనము రావలసిన పనిలేదనియు ముందునా డొక చీటి వ్రాసి పంపిరి. చీటి చదివిన కుందనము దానిని నాలుగుగా మడిచి బొడ్డున దోపుకొని తెల్లవాఱక మున్నే నిమ్మకాయల గంప ముందు కూర్చుండెను.

"రావద్దన్నారు గదే అక్కా! ఇంకా ఆ నిమ్మకాయ లెందుకే?" అని చెల్లెలు ముత్యము విస్తుపోయి యడిగెను.

"రావద్దని దివాను రాశాడు. దొరవారు నా మొహం చూసి అనలేదుగా! ఆ మాటేదో నా మొహానే అనమను. వింటాను."

ఆమె పానకము చేయు విధానము చూడవలసినదే కాని చెప్ప నలవి గాదు. ఇనుపకత్తి తగిలిన పులుపు నల్లబడునని నిమ్మపండ్లను పదునైన వెదురుబద్దతో కోయును. గింజ చితికిన చేదెక్కునని పండును పిండక యరచేతి నడుమ నొత్తి రసము మాత్రమే జాఱవిడుచును. ఇత్తడి తగిలిన పులుపు విషమగునని రసము నెప్పుడును రాతిచిప్పలోనే పట్టును. ఇది యా యింటి పిల్లలు గజ్జె కట్టుటకు ముందే నేర్చుకొనెడి పాఠము. నారింజతొక్కను కలకండబిళ్లపై రుద్ది యందలి పరిమళమెల్ల తీపిలోనికి దింపి యా కలకండను వట్టివేళ్లు నానిన చల్లనినీట కరగించి యేలకులపొడియు చిటికెడు సైంధవలవణమును చేర్చి రసముతో గూర్చి పలుచని బట్టలో వడియగట్టును. పుదీనాను మాత్ర మెన్నడును రోట వేయదు. నూఱిన యాకు పసరు కక్కునట. రెండరచేతుల నడుమ నాకుల నుంచి యొక్కచఱుపు చఱచి పానకముపై విడుచును. ఆ చఱుపుతో ఇల్లెల్ల గుబాళించును.

ఆనాడా చఱుపులు వీధి చివరి యింటికి వినబడెను. 

"ఏమిటే ఆ చప్పుడు! దివానుగారి చెంపమీద వాయించినట్టుంది" అనెను ముత్యము.

"నీకలా వినపడిందీ? అయితే ఇదుగో, ఇంకోటి" అని కుందనము మఱియొక గుప్పెడాకులు చఱచెను. అక్కచెల్లెం డ్రిద్దరును పకపక నవ్విరి. నవ్వు ముగియకమునుపే ముత్యమునకు కన్నుల నీరు తిరిగెను. కుందనము చూచియు చూడనట్లు పానకము నింపిన మట్టికూజాకు తడిబట్ట చుట్టెను.

గొడుగు వలదనెను, పల్లకి వలదనెను. తెల్లని జరీయంచు చీర గట్టి కూజాను చంక నెత్తుకొని యా నట్టెండలో నడివీధిని బట్టుకొని కుందనము నడచెను. ఇరుప్రక్కల కిటికీలు తెఱచుకొనెను. చూచువారు చెవులు కొఱుక్కొనిరి. ఆమె యెవరివంకను చూడలేదు.

కోటలో సభ నిండియుండెను. నలువదిమంది పండితులు శాలువలు కప్పుకొని చెమటలు గ్రక్కుచు కూర్చుండిరి. సభామధ్యమున గున్నయేనుగు తలయంత గంగాళమొకటి బంగారమువలె ధగధగలాడుచుండెను. దాని కథ చెప్పవలెను. క్రొత్త రాజుగారి తొలి సభలో పాత్ర లద్దములవలె మెఱయవలెనని దివానుగా రాజ్ఞాపింపగా పరిచారకులు మూడు దినములపాటు చింతపండుతోను ఇటుకపొడితోను ఆ యిత్తడిగంగాళమును వెలుపలనే గాక లోపలగూడ తోమితోమి దాని తగరపు కళాయి నంతయు నూడ్చివేసిరి. ఆహా, ఏమి మెఱుపని దివానుగారు మెచ్చుకొనిరి. గాజుపాత్రలకు పింగాణికి అలవాటుపడిన చెన్నపట్టణపు వంటవా డేమి యెఱుగును? మూడువందల నిమ్మపండ్ల రసము ముందునాటి సాయంకాలమే యందు పిండి మూతపెట్టి యుంచెను.

"ఏమిటీ సాహసం? రావద్దని చీటీ అందలేదూ?" అని దివానుగారు లేచిరి.

"అందింది బాబూ. అందుకే వచ్చాను."

సభలో కలకలము పుట్టెను. రాజు చేయెత్తి వారించెను. అతని ముఖమున కోపముకంటె సంకోచమే యెక్కువగా నుండెను.

"కుందనమ్మా, నేను ప్రమాణం చేశాను. మీ యింటి మంచినీళ్లు కూడా పుచ్చుకోను. నీమీద ద్వేషమేమీ లేదు" అనెను.

"చిత్తం. ప్రమాణం తమరిది, కాదనను. మీ తాతగారు తాగిన గిన్నె, మీ నాన్నగారు తాగిన గిన్నె, ఇవాళ ఎందుకు మైల పడిందో ఆ ఒక్కమాట చెప్పండి. వెళ్లిపోతాను."

 రాజు నా యిబ్బందినుండి తప్పింప దలచి దివానుగారు సైగ చేయగా వంటవాడు గంగాళము మూత తీసి వెండిగిన్నె ముంచి రాజుగారి చేతి కందిచ్చెను. గంగాళముమీది గాలి యొకింత కుందనమున కెదురుగా వీచెను. నిమ్మవాసన వచ్చెను. దాని వెనుక మఱియొక వాసన, పాతనాణెము నాలుకపై పెట్టినట్టి వెగటువాసన వచ్చెను. ఆమె గంగాళములోనికి తొంగిచూచెను. పానకపు టంచు చుట్టును ఆకుపచ్చని చిలుము సన్నని తోరణమువలె కట్టియున్నది.

నిజము చెప్పవలెనన్న నొక్క లిప్తకాల మామె నోరు మెదల్పలేదు. ఊరకున్న చాలును. నేటి సాయంకాలమునకు సభయంతయు కడుపులు పట్టుకొని పొరలును. కుందనము లేని పానక మిట్లుండునని పదితరములు చెప్పుకొనును. ప్రతీకార మెంత సులభము! కాని పాన మందిచ్చి ప్రాణమునకు పూచీపడిన ముత్తవ్వ రక్తము గదా యది. ఆమె వల్ల గాలేదు.

"చేసినవాడు ముందు తాగాడా?" అని బిగ్గఱగా నడిగెను.

"ఆ మోటు పద్ధతులు ఇప్పుడు లేవు" అని దివానుగారు విసుగుకొనిరి. రాజు గిన్నె పెదవికడ కెత్తెను.

"తాగకండి!" అని కేకవేసి కుందనము ముందునకు దూకి నలువదియేండ్లు రంగస్థలముపై తాళము వేసిన కుడిపాదముతో గంగాళము నొక్కతన్ను తన్నెను. అది గణగణ మ్రోగుచు దొర్లి పండితుల పంచెలు తడిపి దివానుగారి పాదములకడకు పోయి యాగెను. సభ హాహాకారము చేసెను. పట్టుకొనుడు గెంటుడని యఱచువారు కొందఱు, తడిసిన శాలువలు పిండుకొనువారు కొందఱు. ఆమె దేనిని లక్ష్యపెట్టక మోకాళ్లపై వంగి తెల్లని పైటచెంగుతో గంగాళము లోపల నొక్కమారు తుడిచి రాజుగారి యెదుట పరచెను. చెంగంతయు పచ్చనై యుండెను.

"చిలుము దొరగారూ. రాత్రంతా పులుపు ఇత్తడిలో నానింది."

 రాజు చేతిలోని గిన్నెను మెల్లగా క్రింద బెట్టెను. 

అంతట దివానుగారు ముందునకు వచ్చి "సరే, అయిందేదో అయింది. ముహూర్తం మించిపోతోంది. ఆ కూజా అక్కడ పెట్టి వెళ్లు. మనవాడు గిన్నెల్లో పోసిస్తాడు. ఎవరింటిదని సభలో ఎవరూ అడగరులే" అనిరి.

అప్పుడు కుందనము నవ్వెను. 

"బాగుంది బాబూ! పానకం కావాలి, చేసిన మనిషి పేరు వద్దు. ఇంతేనా? కుదరదు. ఈ పానకానికో ఇల్లుంది, ఆ యింటికో గుమ్మముంది. దాహమైనవాళ్లు మా యింటికే రండి. పెరటిదారిన కాదు. ఆ దారి మీలో కొందరికి బాగానే తెలుసు. వీధి గుమ్మాన, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా చెప్పులు మెట్లమీద విడిచి రండి. ముందు నేను తాగుతాను. తరవాత మీకిస్తాను. ఇష్టం లేదా, కోటలో నుయ్యి ఉంది."

పెరటిదారి మాట విని కొందఱు పండితులు పైకప్పు దూలములు లెక్కపెట్టసాగిరి. ఆమె కూజా నెత్తుకొని వచ్చిన దారినే మరలిపోయెను.

ఇంటికి వచ్చి వీధియరుగుపై చాప పరచి వెండిగిన్నెలు వరుసగా పేర్చి తలుపులు బార్లాతెఱచి కూర్చుండెను. గడియ గడచెను. వీధిలో కుక్కయైన తిరుగలేదు.

"ఎవరూ రారే అక్కా. దొరల సభలో గంగాళం తన్నేశావు. రేపణ్ణుంచి ఈ ఊళ్లో మన బతుకేం గానే!" అని ముత్యము కొంగు నోటి కడ్డము పెట్టుకొనెను.

"రాకపోతే నువ్వూ నేనూ తాగుదాం. కూజా నిండా ఉంది" అనెను కుందనము.  అనెనేగాని పుట్టిన తరువాత నామె యంతటి భయ మెఱుగదు. ఊరు విడువవలసి వచ్చిన నెక్కడికి పోవుదుము? ఈ వయస్సున నెవ్వరు చేరదీయుదురు? అయినను తలుపు మూయుటకు మాత్ర మామెకు చేతులు రాలేదు.

రెండవ గడియ సగము గడచునప్పటికి వీధి మలుపున తెల్లనిబట్ట యొకటి కదలెను. రాజా ముకుందరాయణింగారు గొడుగైన లేక కాలినడకను వచ్చుచుండిరి. వెనుక శాలువలు నెత్తిన కప్పుకొని పండితులు. కిటికీలన్నియు మరల తెఱచుకొనెను. రాజు మెట్ల ముందఱ నాగి చెప్పులు విడిచి యరుగెక్కి నిలిచెను.

"మిమ్మల్ని అడక్కుండా మీ మీద ప్రమాణం చేశాను. అడగవలసింది. తప్పు నాది. నా స్నేహితులకేం జవాబు చెప్పుకోవాలో నేనే చూసుకుంటాను. గిన్నె ఇప్పించండి" అనెను.

కుందనము కన్నులు చెమర్చెను. తుడుచుకొనలేదు. పుదీనా చఱచి యొక గిన్నె నింపి నియమప్రకారము తాను త్రాగి రెండవ గిన్నె రాజుచేతి కిచ్చెను. అత డొక్కగ్రుక్కలో త్రాగి కన్నులు మూసికొని నిట్టూర్చి మఱియొక గిన్నె యడిగెను. పండితులు తోసికొనుచు ముందునకు వచ్చిరి. మెట్లన్నియు చెప్పులతో నిండెను.

కూజా యడుగంటుచుండగా ముత్యము లోపలినుండి పరుగెత్తుకొని వచ్చి "అక్కా, దివానుగారే! పెరటితలుపు కొడుతున్నారు" అనెను. అరుగుమీది వారందఱును విని గిన్నెలు దించిరి.

కుందనము లేవలేదు. గొంతు మాత్రమెత్తి "వీధి గుమ్మం తెరిచే ఉంది బాబూ! చుట్టూ తిరిగి రండి!" అని పిలిచెను.

పెరటినుండి వీధికి రావలెనన్న రెండు సందులును ఒక బజారును తిరుగవలెను. తిరిగిరి. చెమటతో తడిసి ముద్దయై గొడుగు ముడిచి చంకబెట్టుకొని ఊరెల్ల చూచుచుండగా సోమయాజులుగారు వచ్చి మెట్లపై చోటు లేమి నడివీధిలోనే చెప్పులు విడిచి కాలుచున్న ధూళిలో గంతులు వేయుచు నరుగెక్కిరి. ఎవరును నవ్వలేదు. కుందనము కూజాను వంచి కడపటి పానకమును రెండు గిన్నెలలో సమముగా పోసి తనది తాను త్రాగి రెండవది రెండుచేతులతో నాయన కందిచ్చెను. ఆయన తలవంచి పుచ్చుకొనిరి. అంతట పెద్దపండితుడు గొంతు సవరించుకొని తొలిశ్లోక మెత్తుకొనెను. ఆ యేటి విద్వత్సభ కలావంతుల యింటి వీధియరుగుమీద నారంభమయ్యెను.