అతుకు

గురువారం ఉదయం పదకొండు గంటలకు, నరసరావుపేటలోని జహీర్ ప్రింటింగ్ షాపులో, చర్చి తెర కోసం అచ్చు వేసిన నమూనా గుడ్డ మీద ద్రాక్షగుత్తి సగానికి తెగి కనిపించింది. ఆదివారమే ఆ చర్చి మందిర ప్రతిష్ఠ. జహీర్ ఇంటికి ఫోన్ చేశాడు.

అతని భార్య జాహెదా రొట్టెల పిండి పిసుకుతోంది. ఫోనును చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుంది.

“ఒరేయ్, అతుకు కలవట్లేదురా. ఏం చేయాలో చెప్పు.”

గిరాకీ ఎదురుగా ఉంటే జహీర్ ఆమెను అలాగే పిలుస్తాడు. అతని ఫోన్‌లో ఆమె నంబరు ‘ఆపరేటర్’ అని ఉంటుంది. షాపుకు వచ్చేవాళ్లు వినుకొండ నుంచి ఎవరో కుర్రాడు డిజైన్లు చేసి పంపుతాడనుకుంటారు. వినుకొండ మాట నిజమే. పెళ్లికి ముందు ఆమె అక్కడే ఈ పని నేర్చుకుంది. ఇప్పుడు వంటకూ బట్టలకూ మధ్య, ఇంట్లో పాత కంప్యూటర్ మీద చేస్తుంది. “కూర్చుని చేసేదీ ఒక పనేనా” అంటుంది అత్త. “షాపులో ఆడమనిషి కూర్చుంటే ఏమనుకుంటారు” అన్నాడు జహీర్, పెళ్లయిన కొత్తలో. ఆ మాటలకు బాధపడడం ఆమె ఎప్పుడో మానేసింది. నడుము నొప్పి మాత్రం తెలుస్తుంది.

తెర డిజైన్‌లో మళ్లీ మళ్లీ వచ్చే గడులు రెండు: ద్రాక్షతీగది ఒకటి, దాని వెనక చుక్కలది ఒకటి. రెండు తీగ గడుల వెడల్పులో మూడు చుక్కల గడులు పడితేనే రెండూ ఒకే అంచు దగ్గర ముగుస్తాయి. అప్పుడు పక్కపక్కన ఎన్ని పేర్చినా అతుకు కనబడదు. ఆమె అలాగే కలిపి పంపింది.

“తీగను పెద్దది చేశారా?”

“క్రాంతి గారు అడిగితే కొంచెం లాగాన్రా.”

“చుక్కల్ని వదిలేసి తీగ ఒక్కదాన్నే లాగారు. అందుకే తెగింది.”

స్పీకర్ పెట్టినట్టున్నాడు. తెర చేయించుకుంటున్న క్రాంతి కుమార్ నవ్వు వినిపించింది.

“ఏంది జహీర్ భాయ్, మీవాడి గొంతు ఆడపిల్ల గొంతులా ఉంది?”

“చిన్నోడు లెండి. ఇంకా గొంతు మారలా.”

జాహెదా చేతులు కడుక్కుంది.

“ఫోన్‌లో చెబితే కుదరదు. వస్తున్నా.”

“ఎక్కడికే?” అన్నాడు జహీర్.

ఆమె ఫోన్ పెట్టేసి బురఖా అందుకుంది.

“రొట్టెలెవరు చేస్తారే?” అంది అత్త.

“పిండి కలిపా అత్తమ్మా. మీరు కానీండి.”

షాపులో కంప్యూటర్ ముందు ఒకటే కుర్చీ. అందులో జహీర్ ఉన్నాడు. క్రాంతి కుమార్ తెగిన గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

“ఎవరమ్మా?”

“ఆపరేటర్‌ని.”

క్రాంతి కుమార్ జహీర్ వైపు చూశాడు. జహీర్ పక్కనున్న ప్లాస్టిక్ స్టూలును కాలితో ఆమె వైపు జరిపాడు.

జాహెదా కూర్చోలేదు. కుర్చీ పక్కన నిలబడింది.

జహీర్ లేచాడు.