ఐదింటిలోగా అభ్యంతరాలు

"మీటింగేగా, వింటూ లంచ్ డబ్బాలు సర్దెయ్యొచ్చుగా," అన్నాడు భర్త, తన చొక్కా ఇస్త్రీ అయిందో లేదో చూసుకుంటూ. చెవిలో ఇయర్‌ఫోన్‌తో ఆమె సర్దింది. "కూర్చుని చేసే ఉద్యోగం, అలసటేముంటుందమ్మా," అని అత్తగారు ఎప్పుడో అన్న మాట, మూతలు బిగించేటప్పుడల్లా గుర్తొస్తుంది.

ఆ మధ్యాహ్నమే ఆఫీసులో కొత్త టీమ్ లీడ్ ఎవరో చెబుతారు. ఆ కుర్చీ తనదేనని ఏడాదిగా నమ్ముతోంది. నమ్మకపోవడానికేం? కొత్తవాళ్ళకి పని నేర్పేది ఆమె. తగవులు తీర్చేది ఆమె. ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టి, వాళ్ళ పేరు మీదే సరిచేసేదీ ఆమే. మేనేజర్ గొంతు సవరించుకోగానే చూపులన్నీ అలవాటుగా ఆమె మీద వాలాయి, నోట్స్ రాయమని. రాసింది. తాను ఓనమాలు దిద్దించిన జూనియర్ లీడ్ అయ్యాడని తన చేత్తోనే రాసింది.

"నువ్వు లేనిదే టీమ్ లేదమ్మా," అన్నాడు మేనేజర్ తర్వాత. "కానీ నీ పేరున కోడ్ తక్కువ. అతని పక్కనుండి నడిపించు. నీకు ఓపికెక్కువ కదా!"

ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ ఓపిక అనుకున్నది ఊడిగమా?

నోట్స్‌కి మేనేజర్ పెట్టిన పద్ధతొకటుంది. సాయంత్రం ఐదింటిలోగా ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే, రాసింది నిర్ణయమైనట్టే. ఒక్కరూ చదవరని ఆమెకు తెలుసు. అయినా దాచకుండా, చివర 'నా ప్రతిపాదన' అని పెద్దక్షరాల్లో పెట్టింది: "నేటినుంచి నోట్స్, శిక్షణ, తగవులు లీడ్ బాధ్యత. నేను సరిచేసే కోడ్ నా పేరునే ఉంటుంది." అందరికీ పంపింది. ఐదు దాటింది. ఎవరూ కిక్కురుమనలేదు.

మర్నాడు ఆమె పెందలాడే ఆఫీసుకొచ్చేసింది. మీటింగ్‌లో మళ్ళీ చూపులన్నీ ఆమె మీదికే. ఆమె చేతులు కట్టుకుని కూర్చుంది.

"రాయట్లేదేం?"

"నిన్నటి నోట్స్ చదవలేదా సార్?"

గబగబా ఫోన్లు బయటికొచ్చాయి. నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె రాసింది అందరూ చదివారు. మేనేజర్ ముఖం మాడిపోయింది.

"నాతో ఒక్క మాట అనాల్సింది."

"ఐదింటిదాకా ఆగాను సార్."

కొత్త లీడ్ పెన్ను కోసం జేబులు తడుముకున్నాడు. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. భర్త.

"నా డబ్బా కనపడదేం?"

"నిన్న సాయంత్రం ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించాను," అంది అందరికీ వినపడేలా. "మీరూ చదవలేదా?"