నూనె రాసిన ట్రే

మా శ్రుతికి పల్లీలు పడవు. పడవంటే ఏవో దద్దుర్లు వచ్చి పోవడం కాదు. రెండేళ్లప్పుడు పల్లిపట్టీ ముక్క కొరికి, ఊపిరాడక కళ్లు తేలేసింది. మళ్లీ తింటే ఇంకా ప్రమాదం కావచ్చన్నారు డాక్టరు. అప్పటి నుంచి తిండి అంటేనే నాకు దడ. మా వనపర్తిలో పల్లీ తగలని చిరుతిండి ఏదో ఒకటి చెప్పండి చూద్దాం. పచ్చట్లో పల్లీ, పొడిలో పల్లీ, స్కూల్లో పంచే లడ్డూలోనూ పల్లీనే. అందుకే చిన్న ఓవెన్ కొని, దానికి కావలసినవన్నీ ఇంట్లోనే చేస్తున్నాను. చీజ్ బిస్కెట్లంటే దానికి ప్రాణం.

ఆ ఆదివారం మా అత్తమ్మ ఈరమ్మ కోడేరు నుంచి వచ్చింది. సంచి మొత్తం గుమ్మంలోనే దులిపించి, ఒక్క గింజ కూడా లేదని చూశాకే లోపలికి రానిచ్చాను.

"నీకంటే పోలీసోళ్లు నయం బిడ్డా" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

సంచిలో ఉన్నదల్లా ఒక ఇనుప ట్రే. మనవరాలి బిస్కెట్ల కోసమని పెబ్బేరు సంతలో కొన్నదట. నల్లగా నిగనిగలాడుతోంది.

"కడగకు. వారం సంది పొయ్యి మీద కాల్చి పదును చేసిన. అంటుకోదు" అంది.

ముచ్చటేసింది. మైదా, వెన్న, చీజ్ తురుము, మిరియాల పొడి కలిపి బిస్కెట్లు కోసి, ఆ ట్రేలోనే పెట్టి కాల్చాను. కాస్త ఆరాయో లేదో శ్రుతి రెండు తినేసింది.

"అమ్మా, నాలుక గీరుతుంది."

మిరియాలేమో అనుకుంటూ తిరిగాను. పై పెదవి ఉబ్బి ఉంది. మెడ నిండా ఎర్రటి దద్దుర్లు.

"పల్లీలు పెట్టినవా అత్తమ్మా?"

"పిల్ల మీద ఒట్టు, ఒక్క గింజ పెట్టలే. నువ్వే చూస్తివి గద."

చూశాను. చీజ్ ప్యాకెట్ చదివాను, మైదా ప్యాకెట్ చదివాను. చేతిలోని బిస్కెట్ తిరగేస్తే అడుగున జిడ్డు మెరుస్తోంది.

"ట్రేకు ఏం నూనె రాసినవ్?"

"ఏం నూనె ఏంది? ఇంట్ల నూనె. పొద్దుగాల వచ్చేటప్పుడు గూడ ఇంత రాసిన."

వాళ్లింట్లో నూనె అంటే ఒకటే. చేలో పండిన పల్లీలను గానుగ ఆడించిన నూనె. గింజలు వద్దని వందసార్లు చెప్పాను గానీ నూనె మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తాలని నాకే తోచలేదు.

పక్కింటి వెంకటన్న ఆటోలో దవాఖానకు పరుగుతీశాం. శ్రుతి ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు ఆగితే ఏమవుతుందోనని దాని ఛాతీ మీద చెయ్యి పెట్టుకునే కూర్చున్నాను. "నిద్రపోకు బిడ్డా, నన్ను చూడు" అంటూనే ఉన్నాను. అత్తమ్మ మీద కోపంతో ఆమె ముఖం వైపు చూడను కూడా చూడలేదు.

డాక్టరమ్మ తొడకు సూది వేసింది. మూతికి ఆక్సిజన్ పెట్టింది. కొంతసేపటికి ఈల తగ్గింది. "గండం గడిచింది. అయినా ఈ రాత్రి ఇక్కడే ఉండాలి" అంది. అప్పుడు గానీ నాకు ఏడుపు రాలేదు.

అత్తమ్మ ఎక్కడా అని చూస్తే బయట నల్లా దగ్గర ఉంది. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుంటోంది. కడిగి, మళ్లీ రుద్దుకుంటోంది. వేళ్ల సందులు ఎర్రబడ్డాయి.

"వాసన చూడు బిడ్డా, ఇంకా ఉన్నదా?" అని రెండు చేతులూ నా ముఖం దగ్గర పెట్టింది.

సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. లేదన్నాను.

లోపల శ్రుతి కళ్లు తెరిచి, "నానమ్మా" అని చెయ్యి చాపింది. అత్తమ్మ వంగింది. ఆమె చెయ్యి పిల్ల నుదుటి దాకా వచ్చి ఆగిపోయింది. నా వైపు చూసింది.

ముట్టుకో అత్తమ్మా అనడానికి నాకు నోరు రాలేదు. నాకూ భయంగానే ఉంది.