హెల్మ్‌కే గారి కోడి

వెండెల్ బ్రాంట్లీకి నాటకాల పిచ్చి. మిల్వాకీలో పిల్లల నాటకాలు ఆడే హాల్లో అతను వెయ్యని వేషం లేదు. ఎలుగుబంటి వేశాడు, పోస్ట్‌మాన్ వేశాడు, చెట్టు వేశాడు, ఒక ఏడాది పిడుగు కూడా వేశాడు. ఆ హాలు మూతపడ్డాక ఇంట్లో అద్దం ముందు మిగిలాడు. అందుకే, అమెరికా కాంగ్రెస్‌లో సీటుకి నిలబడ్డ పరుపుల షాపు యజమాని టాడ్ హెల్మ్‌కే ఆఫీసు నుంచి ఫోనొచ్చి, "మాకో కోడి కావాలండీ" అనగానే, జీతమెంతో కూడా అడక్కుండా ఒప్పేసుకున్నాడు.

హెల్మ్‌కేకి ఎదురు నిలబడింది లొరెయిన్ స్టాహోవియాక్, స్కూలు ప్రిన్సిపాల్‌గా చేసి రిటైరైన మనిషి. నగరం చెరిసగం చీలిపోయి, ఎవరు గెలుస్తారో ఎవరికీ అంతుపట్టని పోటీ అది. అలాంటి సమయంలో ఆవిడ మూడో టీవీ చర్చకి రానంది.

"శుక్రవారం సాయంత్రం నేను చర్చి హాల్లో విందుకి చేపలు వేయించాలి. ఆయనతో రెండుసార్లు వాదించాను. రెండుసార్లూ పరుపుల గురించే చెప్పాడు" అని తేల్చేసింది.

పిరికివాళ్ళని కోడి అని వెక్కిరించే ఊరది. ఆవిడ ఎక్కడికెళ్తే అక్కడికి ఒక కోడి వెంటపడి కూయాలని, హెల్మ్‌కే ప్రచారమంతా నడిపించే కెండ్రా పథకం వేసింది.

వచ్చిన చిక్కల్లా వెండెల్ భార్య ఓపల్‌తోనే. ఆవిడ లొరెయిన్ పక్షం. ఇంటి ముందు గడ్డిలో లొరెయిన్ పేరున్న బోర్డు కూడా పాతింది.

"మా లొరెయిన్ మీదకి కోడివై పోతావా? సిగ్గులేదూ?"

"నటుడికి పార్టీ ఉండదు ఓపల్."

"పార్టీ లేకపోతే పోనీ. రాత్రికి కూడు ఉండాలా వద్దా?"

అన్నదేగాని, ఊడిపోతున్న తోక ఈకలు గట్టిగా కుట్టిపెట్టింది కూడా ఆవిడే. నా మొగుడు బోడితోకతో బజార్లో తిరగడానికి వీల్లేదంది.

మొదటిరోజు లొరెయిన్ లైబ్రరీ మెట్ల మీద నిలబడి మాట్లాడుతోంది. వెండెల్ గుంపులోంచి తోసుకొచ్చి, రెక్కలు టపటపలాడించి, "కొక్కొరొకో" అన్నాడు. ఆవిడ ఉపన్యాసం ఆపి కళ్ళద్దాల పైనుంచి చూసింది.

"ఏం బాబూ, గొంతు అంతేనా? వెనక వాళ్ళకి వినబడొద్దూ? నడుం నిటారుగా పెట్టు. పొట్టలోంచి తియ్యి."

వెండెల్ ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళలో ఏ దర్శకుడూ అతనికి అంత శ్రద్ధగా చెప్పలేదు. నిటారుగా నిలబడి మళ్ళీ కూశాడు. జనం చప్పట్లు కొట్టారు. లొరెయిన్ కూడా కొట్టింది.

ఆ రోజు నుంచి లొరెయిన్ సభలకి జనం రెట్టింపయ్యారు. పిల్లలు కోడితో ఫొటోలు దిగడానికి వస్తే, వాళ్ళని తీసుకొచ్చిన పెద్దలు ఎలాగూ వచ్చాం కదా అని ఉపన్యాసం వినేవారు. కెండ్రా లబోదిబోమంటూ ఫోన్ చేసింది.

"వెండెల్ గారూ, మీరు ఆవిణ్ణి ఏడిపించాలండీ! నిన్న ఎవరో ముసలమ్మతో పోల్కా డాన్సు ఆడారట!"

"పాత్ర అటు తీసుకెళ్ళింది మేడమ్."

"కోడికి పాత్రేమిటండీ నా ప్రాణానికి!"

వెండెల్ నొచ్చుకుని ఫోన్ పెట్టేశాడు.

శుక్రవారం చర్చి హాలు గుమ్మం దగ్గర కూస్తుంటే లొరెయిన్ ఏప్రన్‌తోనే బయటికొచ్చింది. చేతిలో పళ్ళెం, అందులో వేయించిన చేపలు, ఆలుగడ్డ అట్లు. "ముక్కుతో తినలేవుగానీ, తల తియ్యి" అంది. తీశాక మొహం చూసి నవ్వేసింది. "ఓపల్ మొగుడివా! తోక మీద కుట్టు చూసి అనుకున్నానులే, నా బ్యానర్లు కుట్టేదీ ఆవిడేగా."

అసలు గొడవ ఊరి పండగ ఊరేగింపు రోజున జరిగింది. హెల్మ్‌కే ట్రక్కు మీద పెద్ద మంచం, మంచం మీద పరుపు, పరుపు మీద టోపీ పెట్టుకున్న హెల్మ్‌కే. పైన 'వాషింగ్టన్‌ని నిద్ర లేపుతాడు' అని బ్యానరు. వెనక బ్యాండుమేళం, ఆ వెనక లొరెయిన్, ఆవిడ వెంట కోడి. సాసేజీల కొట్టు ముందుకి రాగానే, కొట్టువాడి కుక్క గొలుసు తెంపుకుంది. దాని పేరు బటన్, ఆకారం మాత్రం దూడంత. ఆ సైజు కోడిని అది జన్మలో చూసి ఉండదు.

వెండెల్ నటన మరిచిపోయి పరుగెత్తాడు. బ్యాండువాళ్ళ మధ్యనుంచి దూరి, డోలు తన్నేసి, అందినచోట ఎక్కాడు. అందింది హెల్మ్‌కే మంచమే. వెనకే కుక్క. ఈకలూ, పరుపులోని స్పాంజీ మంచులా ఎగిరాయి. "నా వెనక నక్కకయ్యా! నువ్వు నా కోడివి, నా ముందుండు!" అని అరిచి, హెల్మ్‌కే కిందికి దూకి లగెత్తాడు. టీవీవాళ్ళ కెమెరాలు అతని వెంటే వెళ్ళాయి.

"కూర్చో!" అంది లొరెయిన్.

బటన్ టక్కున కూర్చుంది. బ్యాండువాళ్ళు సగంమంది కూర్చున్నారు. పరుగెత్తుతున్న హెల్మ్‌కే కూడా రోడ్డు మీద చతికిలబడ్డాడు. ఆయన చిన్నప్పుడు చదివింది ఆవిడ స్కూల్లోనేనని తర్వాత తెలిసింది.

సాయంత్రానికల్లా కోడి ఉద్యోగం ఊడింది.

ఎన్నికల్లో లొరెయిన్ బొటాబొటిగా గెలిచింది. హెల్మ్‌కే మళ్ళీ లెక్కించమన్నాడు. అప్పుడు బయటపడింది సంగతి: వందలమంది ఇద్దర్నీ కాదని, బ్యాలెట్ మీద నచ్చిన పేరు రాసుకోడానికి వదిలే ఖాళీ గీతలో చేత్తో 'కోడి' అని రాసొచ్చారు. ఆ ఓట్లు ఇద్దరి మధ్య తేడా కన్నా ఎక్కువ. హెల్మ్‌కే ఎన్నికల ఆఫీసుకెళ్ళి బల్ల గుద్దాడు.

"ఆ కోడి నా మనిషి! దానికి పడ్డవన్నీ నా ఓట్లే!"

అక్కడి అధికారిణి తాపీగా తలెత్తింది. "మీరు దాన్ని ఉద్యోగంలోంచి తీసేశారట కదండీ?"

లొరెయిన్ గెలుపు ఖాయమైంది.

ఆ కబురు వచ్చినరోజు వెండెల్ వంటింట్లో కూర్చుని ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. "నేను లొరెయిన్‌కే వేశాను. కోడికి ఓటేసిన పిచ్చివాళ్ళెవరో ఏమో!"

ఓపల్ గరిటె తిప్పుతూ ఇటు తిరగలేదు.

"ఓపల్! నువ్వా? బోర్డు పాతింది నువ్వు కాదూ!"

"పాతాను. తీరా లోపలికెళ్ళాక ఖాళీ గీత కనబడింది. నా మొగుడు బ్యాలెట్ మీదకి మళ్ళీ ఎప్పుడెక్కుతాడులే అనుకున్నాను."

"ఆవిడ ఓడిపోయుంటే?"

"ఓడలేదుగా. సూప్ చల్లారిపోతోంది, తిను."

వెండెల్ తినలేదు. లేచి వెళ్ళి, వెనకనుంచి ఆవిడ భుజం మీద గడ్డం ఆనించి, చాలా మెల్లగా, పొట్టలోంచి కూశాడు.