కొట్టకుండా వదిలిన నాలుగు సాళ్లు

బాలి దీవి చూడాలన్న కోరిక నాకు ఏనాడూ లేదు. దర్శి హైస్కూల్లో ముప్పై రెండేళ్లు సైన్సు చెప్పి రిటైరైనవాడిని. అగ్నిపర్వతం బొమ్మను బోర్డు మీద ఎన్నోసార్లు గీశానుగాని, దాని పక్కన నిలబడాలని ఎన్నడూ అనుకోలేదు. అయినా వెళ్లాను. నా భార్య సుబ్బరావమ్మ తమ్ముడు త్రినాథ్‌కు వినుకొండలో పురుగుమందుల షాపు ఉంది. మందుల కంపెనీ తాను చెప్పినంత సరుకు ఏడాదిలో అమ్మిన డీలర్లను విదేశానికి తీసుకెళ్తుంది. వెంట మరొకరు రావచ్చు. ఆ రెండో చోటు న్యాయంగా త్రినాథ్ భార్య శ్రీరమ్యది. ఈసారి దాన్ని నాకిచ్చారు.

కారణం దాచలేదు. షాపులో టీ తెప్పించి చెప్పాడు త్రినాథ్.

"అక్కడ కంపెనీవాళ్లు వీడియో తీస్తారు బావా. యలమంద మాస్టారు చెప్పాడంటే దర్శి చుట్టుపక్కల ఎవడూ కాదనడు. నల్ల తామర పురుగుకి ఈ కొత్త మందు పనిచేసింది, నా కళ్లతో చూశానని రెండు ముక్కలు చెప్పు, చాలు. వచ్చే ఏడు మూడు మండలాలకి నన్నే పెద్ద డీలర్ని చేస్తారు."

"చూద్దాంలే" అన్నాను. తమ్ముడి మాట కాదనొద్దని ఇంట్లో సుబ్బరావమ్మ అప్పటికే పోరుపెడుతోంది.

నా కళ్లు చూసింది వేరు. ఈ నల్ల తామర పురుగు మిరప పూతను రాల్చేస్తుంది. కిందటి శీతాకాలం మా ఊరి రైతు పిచ్చయ్య మిరప చేలో ఆ మందుకు పరీక్ష పెట్టించింది నేనే. ఎకరమంతా మందు కొట్టి, నాలుగు సాళ్లు మాత్రం ఏమీ కొట్టకుండా వదలమన్నాను. రెండింటినీ పోల్చితేనే మందు సంగతి తెలుస్తుంది. పది రోజులకు పురుగు తగ్గింది. వదిలిన సాళ్లలోనూ అంతే తగ్గింది. నిలదీస్తే పిచ్చయ్య తల దించుకున్నాడు.

"కళ్ల ముందు పూత రాలిపోతుంటే ఊరుకోబుద్ధి కాలేదు మాస్టారూ. మీరు ఊరెళ్లిన రోజు వాటిక్కూడా కొట్టేశా."

ఆ పది రోజుల్లోనే ఒక పెద్ద వాన కూడా పడింది. పురుగును తగ్గించింది మందో, వానో తేల్చే ఆధారం ఇక లేదు. ఈ మాట త్రినాథ్‌కూ అప్పుడే చెప్పాను. "తగ్గిందా లేదా? అది చెప్పు" అని నవ్వేశాడు.

బాలిలో దిగగానే ఒంగోలు ఉక్కపోతే ఎదురొచ్చినట్టయింది. నలభై మంది డీలర్లు, వాళ్ల వెంట వచ్చిన నాలాంటివాళ్లు. కంపెనీ గుంటూరు నుంచి వంటమనిషిని కూడా తెచ్చింది కాబట్టి, హిందూ మహాసముద్రం ఎదుట కూర్చుని గోంగూర పచ్చడి కలుపుకున్నాం. సముద్రం మాత్రం నిజంగా అందంగా ఉంది. ఆ నీలాన్ని కాదనలేను. ప్రతి గుమ్మం ముందూ కొబ్బరాకు దొన్నెలో పూలూ అన్నమూ పెట్టి దేవతలకు నివేదిస్తారు. కాసేపటికి వాటిని కోళ్లు తింటాయి. నాకు అభ్యంతరం లేదు. కోళ్లకూ ఆకలి ఉంటుంది. మొదటి రోజు చూపించిన గుడికి మెట్లు నూట యాభై దాకా ఉన్నాయి. మోకాళ్లు అరవయ్యో మెట్టు దగ్గరే మొరాయించాయి. మిగిలినవాళ్లు దిగి వచ్చేదాకా ఒక రాతి మీద కూర్చుని, ఇంట్లో నా వాలుకుర్చీని తలుచుకున్నాను.

రెండో రోజు కొండవాలు వరి మళ్లు చూపించారు. నీళ్లు పై మడి నుంచి కింది మడికి వరుసగా దిగుతున్నాయి. సాగర్ కాలువ చివరి భూముల్లో పంట ఎండటం చూసినవాడిని గనుక, ఇక్కడ తగాదాలు ఉండవేమోనని ముచ్చటపడ్డాను. అదే మాట అడిగితే, ఎందుకుండవని ఇంగ్లీషు వచ్చిన మా బాలి డ్రైవరు నవ్వాడు.

ఆ మళ్ల పక్కనే మిరప తోట. ఒకావిడ పువ్వు తుంచి, అరచేతిలో తట్టి చూసుకుంటోంది. మన రైతులు చేసేదీ అదే. నేను జేబులోని భూతద్దం తీసి ఆవిడ అరచేతి మీద పట్టాను. సన్నటి నల్ల పురుగులు నాలుగైదు పాకుతున్నాయి. మన నల్ల తామర పురుగు ఈ దేశాల వైపు నుంచే వచ్చిందని శాస్త్రజ్ఞులు అంటారు. ఇది అదేనని భూతద్దంతో చెప్పలేను గాని, పోలికైతే ఉంది. ఏ మందుకు పోతుందని డ్రైవరు చేత అడిగించాను. ఆవిడ అరచెయ్యి దులుపుకుని భుజాలెగరేసింది.

మూడో రోజు ఉదయం కంపెనీ మేనేజరు జయపాల్ కొబ్బరిచెట్ల కింద నాకు కుర్చీ వేయించాడు.

"సింపుల్‌గా చెప్పండి సార్. ఒక్క నిమిషం చాలు."

కెమెరా వైపు చూసి చెప్పాను: "పిచ్చయ్య గారి చేలో ఈ మందు కొట్టాక పురుగు తగ్గింది. పోల్చడానికి వదిలిన సాళ్లకు కూడా ఆయన మందు కొట్టేశారు. కాబట్టి మందు వల్లే తగ్గిందని చెప్పలేను. పనిచేయదనీ చెప్పలేను."

జయపాల్ మర్యాద తప్పలేదు. "సార్, ఆ మొదటి ముక్క ఒక్కటే ఇంకోసారి..."

"మిగతావి లేకుండా అది చెప్పలేనండి."

"సెలవుల్లో కూడా పేపర్లు దిద్దుతున్నారేంటి మాస్టారూ!" అన్నాడు పిడుగురాళ్ల డీలరు ఇమాం హుస్సేన్. అందరూ నవ్వారు, త్రినాథ్ తప్ప. నన్ను లేపి, ఆ కుర్చీలో వేరే జిల్లా డీలరును కూర్చోబెట్టారు. అతను పిచ్చయ్య చేను చూడనైనా లేదు. తడబడకుండా ఒక్కసారికే చెప్పేశాడు.

సాయంత్రం త్రినాథ్ ఇసుకలో ఒంటరిగా కూర్చుని కనిపించాడు. మోకాళ్లు పట్టుకుని పక్కన కూలబడ్డాను.

"నిజం చెప్పు బావా. పనిచేసుద్దా, చెయ్యదా?"

"తెలియదురా."

"ఆ తెలియదేదో షాపులోనే చెప్పొచ్చుగా! శ్రీరమ్యని తీసుకొచ్చేవాణ్ణి. పెళ్లయి పద్దెనిమిదేళ్లు. చీరాల దాటి సముద్రం చూళ్లేదు తను."

పొద్దున కెమెరా ముందు నిజం చెప్పానని లోలోపల కొంత గర్వపడిన మాట వాస్తవం. ఆ నిజం నాకు షాపులో టీ తాగిన రోజునా తెలుసు. ఇంట్లోవాళ్ల పోరు పడలేక, గొడవెందుకని, వీడియోలో చెప్పలేనన్న మాట మాత్రం అనలేదు, అంతే.

అతని ఫోను మోగింది. శ్రీరమ్య వీడియో కాల్.

"అన్నయ్యగారు వీడియోలో చెప్పారా అండీ?"

"ఆ, చెప్పాడు" అన్నాడు త్రినాథ్. ఇంకేమీ వివరించకుండా ఫోనును అలల వైపు తిప్పాడు. "ఇదిగో, చూడు."

నేను అడ్డం రాకుండా పక్కకు జరిగాను.