ముందు మీరు వెళ్ళండి

పెళ్ళయిన దగ్గర్నుంచి నేను మా ఆయన్ని నోరు తెరిచి అడిగింది ఒక్క సముద్రాన్నే. నగ అడిగి ఉంటే ఏదో ఒక పండక్కి కొనిచ్చి వదిలించుకునేవారు. సముద్రం కాబట్టి ఇన్నేళ్ళు పట్టింది. ఇంట్లోంచి పని చేసేవాళ్ళు ఏ ఇంట్లోంచైనా చేసుకోవచ్చని ఆయన ఆఫీసువాళ్ళు ఒప్పుకునేసరికి, ఎండా వానా తప్ప మరో కాలం తెలియని ఓ ద్వీపంలో చిన్న ఇల్లు మాట్లాడుకున్నాం. ఇక్కడి అద్దె ఇల్లు వదిలేస్తున్నామని ఓనరుకు చెప్పేశాం. ఫ్రిజ్జూ మంచమూ మా ఆడపడుచు పట్టుకుపోయింది.

ఆఫీసువాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. వీడియో మీటింగుల్లో మా ఆయన మొహం కనిపిస్తూ ఉండాలి. మాయమైతే మూటాముల్లె సర్దుకుని వెనక్కి రావాలి. గాలి కొడితే అక్కడ ఇంటర్నెట్టు పోతుందనీ, ఫోను మాత్రం పలుకుతుందనీ ఆ ఇంటావిడ ముందే చెప్పింది.

“మాట అక్కణ్ణుంచి ఫోన్లో చెప్తాను. మొహం ఇక్కడే వదిలేసి పోతాను” అన్నారు మా ఆయన.

నీలం చొక్కా తొడుక్కుని, తెల్లగోడకి వీపు పెట్టి, పాత లాప్‌టాప్ ముందు కూర్చుని అరగంట తలూపారు. తలూపడంలో ఆయనకి ఇంట్లోనే బోలెడంత సాధన. ఆ వీడియోనే తిప్పి తిప్పి మీటింగుల్లో పెడతారట. లాప్‌టాప్ మా ఆడపడుచు ఇంట్లో బీరువా మీద కూర్చుని ఉద్యోగం చేస్తుందట.

సరిగ్గా ఆ అరగంట మధ్యలోనే నేను కాఫీ పట్టుకుని గదిలోకి వెళ్ళాను.

“కాస్త చూసుకుని రావద్దూ?”

“తలుపుకేమైనా బోర్డు తగిలించారా?”

కానీ వీడియో వేసి చూసుకున్నాక మురిసిపోయారు. “ఉండనీ. సంసారపక్షంగా ఉంది” అన్నారు.

బయల్దేరేలోగా అలవాటు కావాలని ఆ వీడియోనే మీటింగులకి పంపడం మొదలుపెట్టారు. తను మాత్రం ఫోను చెవికి ఇరికించుకుని అట్టపెట్టెలు కట్టేవారు. “ఈమధ్య చాలా శ్రద్ధగా వింటున్నారండీ” అని మేనేజరు మెచ్చుకుంటే, టేపు పళ్ళతో తెంపుతూ “ఊఁ” అనేవారు.

నేను వచ్చేపోయేటప్పుడు తెరకేసి చూసేదాన్ని. ఆకుపచ్చ చీరలో నేను వస్తాను, కప్పు పెడతాను, వెళ్ళిపోతాను. ఆ కాఫీలో పంచదార తక్కువైందని ఆయన ఒక్కసారీ అనలేదు.

ఓ రోజు తెరమీది ఆవిడ కప్పు పెట్టాక వెళ్ళిపోలేదు. కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. మా ఇంట్లో ఆ గదిలో రెండో కుర్చీ లేదు.

“ఏమండీ, వీడియో ఏమైనా మార్చారా?”

“నాకంత తీరికెక్కడిది? పొద్దస్తమానం చూసి చూసి నీకలా అనిపిస్తోంది.”

అంతలో ఫోన్లోంచి మేనేజరు గొంతు వినిపించింది. “మేడంగారు కూడా కూర్చున్నారే! నమస్కారమండీ.”

మా ఆయన నా మొహం చూశారు. ఆ పూట ఇద్దరం తెరకి వీపు పెట్టి పెట్టెలు కట్టాం.

మర్నాడు తెరమీద ఆవిడ ఆయన చెవిలో ఏదో అంది. ఆయన పకపకా నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు, విని చాలా ఏళ్ళయింది. నా మీద నాకే అసూయ పుట్టడమేమిటని సర్దిచెప్పుకుని, భయాన్ని ఎగతాళిలోకి తిప్పి తెరతో అన్నాను:

“పాపం, మీకూ సముద్రం చూడాలనుంటుంది. ముందు మీరు వెళ్ళండి, వెనకాల మేం వస్తాం.”

గుమ్మం దగ్గర ఎవరితోనైనా అనే మర్యాద మాటే. తెరమీద ఇద్దరూ ఒకేసారి తలూపారు.

బయల్దేరే రోజు ఇల్లంతా బోసిగా ఉంది, దగ్గినా గోడలు తిరిగి దగ్గుతున్నాయి. కిటికీ గట్టు మీద పాత లాప్‌టాప్ ఈ ఇంట్లో ఆఖరి మీటింగులో ఉంది. మా ఆయన ఫోను పట్టుకుని పక్కనే నిలబడ్డారు. నేను నా ఫోన్లోంచి ద్వీపం ఇంటావిడకి చేశాను.

“పిన్నీ, సాయంత్రం ఓడ ఎక్కుతున్నాం.”

“ఇదేం హాస్యమమ్మా? పొద్దున్నే తాళాలు తీసుకున్నావుగా, ఆకుపచ్చ చీరలో. సామానేదమ్మా అంటే వెనకాల వస్తోందన్నావు. కాఫీ కప్పొకటి పట్టుకుని కాపురానికి దిగినవాళ్ళని నేనింతవరకూ చూళ్ళేదు.”

“పిన్నీ, మా ఆయన…”

“వరండాలో కూర్చున్నాడు. ఏం చెప్పినా తలూపుతాడు. అదృష్టవంతురాలివి.”

ఆ ఆకుపచ్చ చీర నా పెట్టె అడుగున ఉండాలి. తీసి చూసే ధైర్యం చాల్లేదు.

“సముద్రం హోరు బాగా వినిపిస్తోందండీ! చేరిపోయారన్నమాట” అంటున్నాడు మేనేజరు, మా ఆయన ఫోన్లో.

“అవునండీ. పొద్దున్నే దిగాం.”

అది మా ఆయన గొంతే. ఆయన పెదవులు మాత్రం గట్టిగా బిగుసుకుని ఉన్నాయి.

ఇద్దరం తెరకేసి తిరిగాం. తెల్లగోడ లేదు. కిటికీ ఉంది, ఎగిరే తెరచీర ఉంది, దాని వెనక ఇన్నేళ్ళూ నేనడిగిన నీలం ఉంది. “ఆగు, అది నా…” అన్నాను. నా ఇల్లనాలో, నా సముద్రమనాలో, నా మొగుడనాలో తేలలేదు.

ఆవిడ కప్పు కింద పెట్టి నాకేసి తిరిగింది. మా అత్తగారు వెళ్ళొస్తానన్నప్పుడు నేను నవ్వే నవ్వే నవ్వింది. చెయ్యి చాచి, అటువైపు నుంచి మూత వేసింది.

మా కిటికీ గట్టు మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. తెర నల్లగా ఉంది. అందులో మేమిద్దరం కనిపించాలి, ఖాళీ గది మాత్రమే కనిపించింది.

బెల్లు మోగింది. గుమ్మంలో కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు, చేతుల్లో సామానుతో. వచ్చినాయన మమ్మల్ని దాటి గదంతా కలయజూసి, వెనకనున్న భార్యతో అన్నాడు:

“ఎవరూ లేరు. వెళ్ళిపోయినట్టున్నారు.”

మా ఆయన అలవాటుగా తలూపారు.